బెయిల్ వచ్చింది, మనిషి మాత్రం జైల్లోనే ఉన్నాడు

ప్రశ్న: మాది కదిరి దగ్గర పల్లె. నేను బెంగళూరు బొమ్మనహళ్లిలో గార్మెంట్స్‌లో టైలర్‌గా చేస్తున్నాను. మా అన్న తాపీమేస్త్రీ. పనిచేసే సైటులో రాగి వైరు పోయిందని కేసు పెట్టి పట్టుకెళ్లారు. 52 రోజులుగా పరప్పన అగ్రహార జైల్లో ఉన్నాడు. అప్పు చేసి ప్రైవేటు లాయరుకు 25,000 ఇచ్చాం. బెయిలైతే వచ్చింది, వచ్చి 24 రోజులైంది. 50,000 బాండు, లోకల్ మనిషి ఒకరు ష్యూరిటీ ఉండాలన్నారు. మాకు ఇక్కడ అలాంటివాళ్లు ఎవరూ తెలీదు. కోర్టు దగ్గర ఒకాయన 20,000 ఇస్తే ష్యూరిటీ తానే తెస్తానంటున్నాడు. లాయరు ఫోన్ ఎత్తడం లేదు. గవర్నమెంటు ఉచిత లాయర్ని పెడుతుందంటారు గానీ వాళ్లు సరిగ్గా రారని అందరూ చెప్తున్నారు. పైగా మేం ఆంధ్రా వాళ్లం, మాకు ఇక్కడ ఇస్తారా? ఏం చేయమంటారు?
— ఒక చెల్లెలు, బెంగళూరు

సమాధానం: అమ్మా, ముందుగా ఆ 20,000 ఎవరికీ ఇవ్వకండి. డబ్బు పోతుందన్న ఒక్క భయంతో చెప్పడం లేదు. ష్యూరిటీ, అంటే పూచీ, ఇచ్చే మనిషి ఇంతకుముందు ఎంతమందికి ష్యూరిటీ ఉన్నాడో కోర్టుకు రాసివ్వాలని కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 486వ సెక్షన్‌లో చెప్తోంది. అద్దె ష్యూరిటీలు అక్కడ అబద్ధం రాస్తారు. ఒకే పహాణి (భూమి రికార్డు) కాగితం పది కేసుల్లో తిరుగుతుంటుంది, కొన్నిసార్లు ఆ కాగితమే దొంగది. జడ్జిగారు ఆ మనిషిని నిలబెట్టి “ఎవరికి ష్యూరిటీ ఉంటున్నావు, అతను నీకేమవుతాడు, ఎంత మొత్తానికి, అతను రాకపోతే ఏమవుతుందో తెలుసా” అని కన్నడలో నాలుగు ప్రశ్నలు వేస్తే, మీ అన్న పేరు కూడా తెలియని మనిషి అక్కడే దొరికిపోతాడు. అప్పుడు దొరకకుండా తర్వాత బయటపడితే ఇంకా ప్రమాదం. వచ్చిన బెయిల్ రద్దయ్యే పరిస్థితి వస్తుంది, కొత్త కేసు మెడకు చుట్టుకుంటుంది. డబ్బు తీసుకున్నవాడు ఆ రోజు కోర్టు ఆవరణలో కనబడడు.

మీ చిక్కంతా బెయిల్ ఆర్డరులోని ‘లోకల్’ అన్న ఒక్క షరతులో ఉంది. దాన్ని మార్పించుకోవచ్చు, దానికి గట్టి ఆధారమే ఉంది. 1978లో మోతీరామ్ అనే ఆయన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆయన కూడా తాపీమేస్త్రీయే. మధ్యప్రదేశ్‌లో మేజిస్ట్రేటు 10,000 రూపాయలకు ష్యూరిటీ అడిగి, అన్నదమ్ముడు ముందుకొస్తే అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని తోసిపుచ్చారు. అది తప్పని జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పిచ్చి, 1,000 రూపాయల సొంత పూచీ మీద ఆయన్ని విడుదల చేయించారు. తర్వాత 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది. బెయిల్ వచ్చిన ఖైదీ 7 రోజుల్లో బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంగతి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ (ఉచిత న్యాయ సహాయం ఇచ్చే సంస్థ) కార్యదర్శికి తెలపాలి. నెల రోజుల్లో బాండ్లు ఇవ్వలేకపోతే, షరతులు సడలించాలా అని సంబంధిత కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చు. లోకల్ ష్యూరిటీ కోసం పట్టుబట్టడం వల్లే విడుదలలు ఆలస్యమవుతున్నాయి కాబట్టి అలాంటి షరతు పెట్టకపోవడం మంచిదని కూడా అందులో ఉంది. మీకు 24 రోజులైంది, ఇంకో వారంలో నెల దాటుతుంది. ఆ వారం ఊరికే కూర్చోవద్దు. కోర్టు తనంతట తాను చూడవచ్చు గానీ, గుర్తుచేసే మనిషి లేకపోతే ఫైలు కట్టలోనే ఉండిపోతుంది.

వేయాల్సింది బెయిల్ షరతుల సడలింపు దరఖాస్తు. బెయిల్ ఇచ్చిన కోర్టులోనే వేయాలి. అందులో కోరికలు ఒకదాని కింద ఒకటి అంచెలుగా అడగమనండి. మొదటిది, లోకల్ అన్న షరతు తీసేసి, చెల్లెలైన మిమ్మల్ని గానీ ఊళ్లోని బంధువును గానీ ష్యూరిటీగా ఒప్పుకోవడం. అది కుదరకపోతే బాండు మొత్తం తగ్గించి, ష్యూరిటీకి బదులు కొంత నగదు డిపాజిట్ కట్టనివ్వడం. అదీ కాదంటే, బయటికొచ్చి ష్యూరిటీ తెచ్చుకోవడానికి కొన్ని వారాల తాత్కాలిక బెయిల్. ఈ మూడోది కూడా 2023 నాటి ఆదేశాల్లోదే, చాలామంది లాయర్లు దాన్ని అడగడం మర్చిపోతారు. ‘ఒకసారి ఇచ్చిన ఆర్డరు మళ్లీ నేనెలా మారుస్తాను’ అని మేజిస్ట్రేటు కొట్టేస్తే, అక్కడితో ఆగకుండా సెషన్స్ కోర్టుకు వెళ్లాలి. బాండు మొత్తం కేసు పరిస్థితులను బట్టి ఉండాలి, మితిమీరి ఉండకూడదని అదే సంహితలోని 484వ సెక్షన్ చెప్తోంది. దాన్ని తగ్గించే అధికారం సెషన్స్ కోర్టుకు, హైకోర్టుకు ఉంది. నగదు డిపాజిట్ దాకా వస్తే రసీదు మీ పేరు మీదే తీసుకోండి. కేసు ముగిశాక ఆ డబ్బు తిరిగి రావాలంటే ఆ రసీదే ఆధారం.

ఇదంతా ఎవరు వేస్తారంటే, ఉచిత న్యాయ సహాయం కిందే వేయించుకోవచ్చు. ఆంధ్రా, కర్ణాటక అన్న తేడా చట్టంలో లేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్‌లో ఎవరెవరు అర్హులో రాసి ఉంది. ఎస్సీలు, ఎస్టీలు, స్త్రీలు, పిల్లలు, వికలాంగులు, పరిశ్రమల్లో పనిచేసే కార్మికులు, కస్టడీలో ఉన్నవాళ్లు, ఆదాయం ప్రభుత్వం పెట్టిన పరిమితి కంటే తక్కువున్నవాళ్లు, ఇంకా కొన్ని వర్గాలు. మీ అన్న జైల్లో ఉన్నాడు కాబట్టి ఆ ఒక్క కారణమే చాలు, ఆదాయం సర్టిఫికెట్టు అడగకూడదు. కానీ ఇక్కడొక మెలిక ఉంది. రేపు ఆయన బయటికొచ్చాక ‘కస్టడీలో ఉన్నవాడు’ అన్న అర్హత పోతుంది, అసలు విచారణేమో అప్పటికి మొదలై కూడా ఉండదు. అందుకని దరఖాస్తులోనే ఆదాయం సంగతి, ఎస్సీ గానీ ఎస్టీ గానీ అయితే ఆ సంగతి కూడా రాయించండి. తర్వాత మళ్లీ మొదటికి రాకుండా ఉంటుంది. మామూలుగా దరఖాస్తుదారు ఇచ్చే అఫిడవిట్ సరిపోతుంది. కదిరి తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగాకే దరఖాస్తు ఇవ్వాలని ఆగకండి.

దరఖాస్తు రెండు వైపుల నుంచి వెళ్లేలా చూడండి. ములాఖత్‌కు వెళ్లినప్పుడు జైల్లోని లీగల్ ఎయిడ్ క్లినిక్‌లో ఉచిత లాయరు కావాలని రాసివ్వమని మీ అన్నకు చెప్పండి. అక్కడ పారాలీగల్ వాలంటీర్లు (లాయర్లు కాని సహాయకులు) ఉంటారు, శిక్షణ పొందిన ఖైదీలు కూడా కొందరు ఆ పని చేస్తారు. కన్నడ రాయడం రాకపోతే ఆ వాలంటీర్లకు నోటితో చెప్పినా రాసుకోవాలి. కొత్త లాయరుకు ఇచ్చే వకాలత్ (మా తరఫున వాదించమని రాసిచ్చే కాగితం) మీద మీ అన్న సంతకం కావాలి, దాన్ని జైలు అధికారి ధ్రువీకరించాలి. బయట లాయరును పెట్టినా ఈ ఒక్క సంతకం దగ్గరే నాలుగైదు రోజులు పోతుంటాయి. రెండో వైపు నుంచి మీరు బెంగళూరు నగర జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు ఇవ్వండి. కన్నడ బోర్డు మీద ‘కానూను సేవెగళ ప్రాధికార’ అని ఉంటుంది. రాష్ట్ర సంస్థ ఆఫీసు హెచ్. సిద్దయ్య రోడ్డులోని న్యాయదేగుల భవనంలో ఉంది, అక్కడ అడిగినా జిల్లా ఆఫీసుకు దారి చెప్తారు. వెళ్లే ముందు 15100 కు ఫోన్ చేయండి, అది న్యాయ సహాయానికి దేశమంతటా ఉన్న నంబరు. దరఖాస్తు మీద గరిష్ఠంగా 7 రోజుల్లో నిర్ణయం చెప్పాలన్నది నిబంధన. అందుకే తేదీ వేసిన ముద్రతో అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. అది లేకపోతే ఆ 7 రోజులు ఎప్పటినుంచి లెక్కపెట్టాలో తెలియదు.

ఆఫీసులో చెప్పాల్సిన వివరాలు ఒక చీటీ మీద ముందే రాసుకోండి: పోలీస్ స్టేషన్ పేరు, క్రైమ్ నంబరు, సెక్షన్లు, ఏ కోర్టు, వాయిదా తేదీ, జైల్లో ఇచ్చిన యూటీపీ (విచారణ ఖైదీ) నంబరు, బెయిల్ ఆర్డరు తేదీ. ఎఫ్ఐఆర్ కర్ణాటక పోలీస్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. మొబైల్లో ఈకోర్ట్స్ యాప్ వేసుకుంటే కేసు 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరుతో వాయిదాలు, ఆర్డర్లు మీరే చూసుకోవచ్చు. దానికి డబ్బు కట్టక్కర్లేదు. మీలాంటివాళ్లకు ఈ యాప్ చాలా మేలు చేస్తుంది. వాయిదా పడిందో లేదో తెలియక పని మానుకుని నృపతుంగ రోడ్డులోని కోర్టు దాకా వెళ్లి ఒక రోజు కూలి పోగొట్టుకోవడం తప్పుతుంది.

పాత లాయరు సంగతి. ఆయన వకాలత్ కోర్టులో ఉన్నంతకాలం, కొత్త లాయరు రావాలంటే ఆయన నో అబ్జెక్షన్ కావాలి. న్యాయ సహాయం ఆగిపోయే చోట్లలో ఇదొకటి. సంస్థ లాయర్ని కేటాయిస్తుంది, ఆయన కోర్టుకు వెళ్తే రికార్డులో వేరే లాయరు పేరుంటుంది, అక్కడితో వెనక్కి వస్తాడు. కాబట్టి ముందుగా పాత లాయరుకు వాట్సాప్‌లో మర్యాదగా మెసేజ్ పెట్టండి: “సార్, మాకు ఇక డబ్బు పెట్టే శక్తి లేదు, లీగల్ ఎయిడ్‌కు వెళ్తున్నాం, దయచేసి ఎన్ఓసీ, కాగితాలు ఇవ్వండి.” ఫోనుకు పలకని మనిషి మెసేజ్‌కు పలకవచ్చు. పలకకపోయినా మీరు అడిగినట్టు రుజువు ఉంటుంది. ఫీజు బాకీ ఉందని క్లయింటు ఫైలు పట్టుకుని కూర్చునే హక్కు లాయరుకు లేదని సుప్రీంకోర్టు 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో తేల్చింది. మీ విషయంలో బాకీ కూడా లేదు. అయినా ఇవ్వకపోతే, ఆ మెసేజ్ జతచేసి కోర్టు అనుమతితో మార్చుకోవచ్చు. కాగితాలకు సర్టిఫైడ్ కాపీలు పెట్టుకోవచ్చు, వాటి ఖర్చు కూడా న్యాయ సహాయంలో భాగమే.

ష్యూరిటీ ఎవరన్నది ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి. షరతు సడలించిన రోజు మనిషి సిద్ధంగా లేకపోతే ఇంకో వారం గడిచిపోతుంది. భూమి కాగితం తప్పనిసరి అని చట్టంలో లేదు, సరిపడినంత స్తోమత ఉందని కోర్టు నమ్మితే చాలు. మీరు గార్మెంట్స్‌లో పర్మనెంటు అయితే మూడు నెలల జీతం స్లిప్పులు, కంపెనీ ఐడీ, పీఎఫ్ పాస్‌బుక్, ఆధార్, ఇంటి అద్దె అగ్రిమెంటు, ఫోటోలు దగ్గర పెట్టుకోండి. కొన్ని కోర్టులు జీతం కాగితాన్ని ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. లాయరును ముందే అడగండి. ఊళ్లో మామయ్యో చిన్నాన్నో నిలబడేట్టయితే పట్టాదారు పాసుపుస్తకం, 1బీ, అడంగల్ ఒరిజినల్స్‌తో స్వయంగా రావాలి. తెలుగు కాగితాలు ఇక్కడి గుమస్తాకు అర్థం కావు. అనువాదం జతచేయమని లాయరుకు చెప్పండి. వచ్చే పెద్దాయనకు కేసు గురించి, బాండు మొత్తం గురించి, మీ అన్న వాయిదాకు రాకపోతే తాను ఆ డబ్బు కట్టాల్సి వస్తుందన్న సంగతి గురించి ముందే పూర్తిగా చెప్పండి. అన్నీ తెలిసి వచ్చిన మనిషి జడ్జి ముందు తడబడడు. కన్నడ రాకపోతే తెలుగులోనే చెప్పనివ్వండి. బెంగళూరు కోర్టుల్లో తెలుగు అర్థమయ్యే సిబ్బంది, లాయర్లు తక్కువేం కాదు.

డబ్బే అడ్డమైతే ఇంకో దారి ఉంది. ష్యూరిటీ డబ్బు కట్టలేక ఆగిపోయిన పేద ఖైదీల కోసం కేంద్ర హోంశాఖ 2023లో ఒక పథకం పెట్టింది. అప్పుడు విచారణ ఖైదీకి 40,000 దాకా పరిమితి ఉంది. జిల్లా కమిటీ మంజూరు చేస్తుంది, డబ్బు నేరుగా కోర్టుకు వెళ్తుంది. మత్తుమందుల కేసులు, ఉగ్రవాద కేసులు, అవినీతి, మనీలాండరింగ్ కేసులకు వర్తించదు. దొంగతనం కేసుకు ఆ అడ్డు లేదు. జైలు అధికారి, న్యాయ సేవాధికార సంస్థ కలిసి పంపితేనే కదులుతుంది కాబట్టి మీ దరఖాస్తులోనే ఈ పథకం కింద కూడా పరిశీలించమని ఒక వాక్యం రాయించండి.

ఉచిత లాయర్లు సరిగ్గా రారని మీరు విన్నది పూర్తిగా అబద్ధమని మేం అనం. ప్యానెల్ లాయరుకు, అంటే సంస్థ జాబితాలో ఉండి కేసుకింత అని ఫీజు తీసుకునే ప్రైవేటు లాయరుకు, ఒక కేసుకు వచ్చేది చాలా తక్కువ. అదీ పని పూర్తయ్యాక బిల్లు పెట్టుకుంటే ఎప్పుడో వస్తుంది. అదే రోజు తన సొంత క్లయింటు కేసు వేరే కోర్టులో ఉంటే ఆయన ఎటు వెళ్తాడో ఊహించవచ్చు. జైలుకు వెళ్లి ఖైదీతో మాట్లాడే తీరిక ఉండదు. ఖైదీకి లాయరు పేరు తెలియదు, లాయరుకు ఇంటివాళ్ల ఫోన్ నంబరు తెలియదు. వలస కూలీల నంబర్లు ఆరు నెలలకోసారి మారిపోతాయి. భాష ఒక అడ్డు. కాగితాలు కన్నడలో, వాదన ఇంగ్లీషులో, ఖైదీ చెప్పేది తెలుగులో. ఆ మధ్యలో ‘ఆ రోజు నేను సైటులోనే లేను, ఊళ్లో ఉన్నాను’ అన్న అసలు ముక్క లాయరు చెవిన పడదు. ఈ లోటు తీర్చడానికే 2022 నుంచి లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ అనే పద్ధతి తెచ్చారు. వీళ్లు జీతం తీసుకుని క్రిమినల్ కేసులు మాత్రమే చూసే పూర్తికాలపు లాయర్లు, ప్రైవేటు కేసులు తీసుకోకూడదు. మీ అన్న కేసు వాళ్లకు ఇవ్వగలరా అని దరఖాస్తు ఇచ్చేటప్పుడే అడగండి. వాళ్ల మీద కూడా భారం ఎక్కువే. అయినా ఎవరో ఒకరు ఆఫీసులో కూర్చుని ఉంటారు, వెళ్లి అడగడానికి ఒక చోటు ఉంటుంది. మామూలు ప్యానెల్ పద్ధతిలో లేనిది అదే.

మీ వైపు నుంచి చేయగలిగింది ఉంది. లాయరు పేరు, నంబరు కేటాయింపు ఉత్తర్వులో ఉంటుంది, దాన్ని ఫోటో తీసుకోండి. మొదటిసారి కలిసినప్పుడు పైన చెప్పిన చీటీ, బెయిల్ ఆర్డరు కాపీ, మీ నంబరు, ఇంకొకరి నంబరు ఇవ్వండి. ఆ రోజు అన్న ఎక్కడున్నాడు, ఎవరు చూశారు, సైటు హాజరు పుస్తకంలో ఏముంది అన్నవి తెలుగులోనే ఒక పేజీలో రాసి, చదువుకున్న పిల్లలెవరైనా ఉంటే కన్నడలోనో ఇంగ్లీషులోనో రాయించి ఇవ్వండి. ఆ ఒక్క పేజీ కేసు నడకనే మారుస్తుంది. వాయిదాకు రెండు రోజుల ముందు గుర్తుచేస్తూ మెసేజ్ పెట్టండి. ఆయన ‘ఖర్చులకు’ అని ఏమైనా అడిగితే ఇవ్వాల్సిన పని లేదు. న్యాయ సహాయం కింద వచ్చిన లాయరు క్లయింటు దగ్గర ఒక్క రూపాయి తీసుకోకూడదని నిబంధనల్లో స్పష్టంగా ఉంది. కోర్టు ఫీజు, కాపీలు, అనువాదం ఖర్చు సంస్థే భరించాలి. డబ్బు అడిగినా, వరుసగా రెండు వాయిదాలకు రాకపోయినా జిల్లా సంస్థ కార్యదర్శికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఆయన న్యాయాధికారే, లాయర్ని మార్చే అధికారం ఆయనకు ఉంది. కేసుల నడకను చూడడానికి ప్రతి సంస్థలో మానిటరింగ్ కమిటీ కూడా ఉండాలి. నోటితో పది సార్లు చెప్పినదాని కన్నా తేదీ వేసిన ఒక్క కాగితానికి విలువ ఎక్కువ. ఫిర్యాదు చేస్తే కోపం పెట్టుకుంటారేమోనని చాలామంది భయపడి ఊరుకుంటారు. ఊరుకున్నవాళ్ల ఫైళ్లే వెనకబడతాయి.

ష్యూరిటీ ఒప్పుకున్నాక విడుదల ఆర్డరు జైలుకు వెళ్తుంది. అక్కడ కూడా ఆగిపోయే సందర్భాలున్నాయి. మన పేర్లు కన్నడ ఎఫ్ఐఆర్‌లో ఒకలా, ఆధార్‌లో ఒకలా పడతాయి. ఇంటిపేరు ముందుకో వెనక్కో పోతుంది, తండ్రి పేరులో ఒక అక్షరం మారుతుంది. జైలు రిజిస్టరులోని పేరుతో ఆర్డరులోని పేరు కలవకపోతే తిప్పి పంపుతారు. ఇప్పుడే ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే సడలింపు దరఖాస్తులోనే ‘అలియాస్’ అని రెండు పేర్లూ రాయించండి. సాయంత్రం లాకప్ అయ్యాక చేరిన ఆర్డరు మర్నాటికే చూస్తారు, కాబట్టి ష్యూరిటీ పని ఉదయమే పెట్టుకోమని లాయర్ని అడగండి. ఇంకే స్టేషన్లోనైనా మీ అన్న మీద వారెంటు ఉందేమో కూడా కనుక్కోండి.

బయటికొచ్చాక బెయిల్ ఆర్డరులోని మిగతా షరతులు లాయరు చేత చదివించుకుని, తెలుగులో రాసి గోడకు అంటించండి. వాయిదా ఒక్కటి తప్పినా నాన్‌బెయిలబుల్ వారెంటు రావచ్చు, ష్యూరిటీ ఉన్న మనిషికి నోటీసు పోవచ్చు. ఇల్లు మారితే లాయరుకు, కోర్టుకు చెప్పాలి. బెంగళూరు దాటి వెళ్లకూడదన్న షరతు ఉంటే, కదిరి రథోత్సవానికో ఇంట్లో శుభకార్యానికో వెళ్లడానికి కూడా ముందే దరఖాస్తు వేసి అనుమతి తీసుకోవాలి. పండక్కి నాలుగు రోజుల ముందు కాకుండా, అంతకుముందు వచ్చే వాయిదాలోనే వేయించండి.